పాట పాడితే సారా కొట్టు మూతపడుతుందా? వీధి నాటకం వేద్దామనుకుంటున్న తమ్ముడికి

తమ్ముడి ప్రశ్న క్లుప్తంగా ఇది. విజయవాడలో ఐదారుగురు స్నేహితులు కలిసి, డ్రైనేజీ గుంటల్లో దిగి ప్రాణాలు పోగొట్టుకుంటున్న పారిశుద్ధ్య కార్మికుల మీద వీధి నాటకం వేద్దామనుకుంటున్నారు. చుట్టుపక్కల వాళ్ళేమో "నాటకం వేస్తే ఏం మారుద్ది, చూసి చప్పట్లు కొట్టి ఎవరిళ్ళకు వాళ్ళు పోతారు" అంటున్నారట. కళ వల్ల నిజంగా న్యాయం జరిగిన సందర్భం ఒక్కటైనా ఉందా, కళాకారులు ఎంతవరకు పూనుకోవాలి, డబ్బు తీసుకుంటే తప్పా అని అడిగాడు.

ఉంది. నెల్లూరు జిల్లా సారా వ్యతిరేక ఉద్యమం. చిన్న వయసులో ఆ జిల్లాలో కళాజాతాలో పాడినదాన్ని, ఆ తర్వాత కూడా ఈ పనిలోనే ఉన్నాను, పిల్లలకు పాటలు, నాటకాలు నేర్పిస్తూ. కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపికగా చదవండి.

1990 తర్వాత మన దగ్గర ఊరూరా రాత్రి బడులు పెట్టారు. సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం అనేవాళ్ళు, మా జిల్లాలో దాని పేరు అక్షరదీపం. అయితే పగలంతా నాట్లకూ కలుపుకూ పోయి వచ్చిన ఆడవాళ్ళను రాత్రి పలక పట్టుకుని కూర్చోమంటే ఎవరు వస్తారు? అందుకని ముందు కళాజాతాలు పంపించారు. కొంతమంది కుర్రకారు, మాలాంటి ఆడపిల్లలు, ఒక బండి, డప్పు, డోలక్కు, నాలుగైదు చిన్న నాటికలు, పది పన్నెండు పాటలు. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు ఊళ్ళో దిగడం, రావిచెట్టు దగ్గరో రచ్చబండ దగ్గరో డప్పు కొట్టి జనాన్ని పోగు చేయడం, గంటో గంటన్నరో ఆడి పాడి, చివర్లో ఆ ఊరి వాలంటీరును నిలబెట్టి "రేపటి నుంచి ఈ అమ్మాయి మీకు చదువు చెబుతుంది" అని పరిచయం చేయడం. మా పని అంతవరకే. సారా కొట్లు మూయించమని మాకెవరూ చెప్పలేదు, ప్రభుత్వ కార్యక్రమం కదా, ఎందుకు చెబుతారు? ఆ రోజుల్లో సారా వేలం పాటల మీద ప్రభుత్వానికి వందల కోట్ల ఆదాయం వచ్చేది. ఒక పక్క అక్షరాలు నేర్పిస్తూ ఇంకో పక్క 'వారుణి వాహిని' పేరుతో ప్యాకెట్లలో సారా పల్లెలకు చేర్చినది ఒకే ప్రభుత్వం.

మేం వేసిన నాటికల్లో కూలి డబ్బులు ఎక్కడికి పోతున్నాయి, పిల్లాడు బడికి ఎందుకు పోవట్లేదు, భర్త రోజూ ఎందుకు కొడుతున్నాడు లాంటివి ఉండేవి. జవాబులు పెద్దగా ఉండేవి కావు. రాత్రి బడి వాచకంలో కూడా సారా ఒక సంసారాన్ని ఏం చేస్తుందో చెప్పే సీతమ్మ కథ పాఠంగా ఉండేది. ఆ కథ చదివాక, చదవడం కంటే ఎక్కువగా దాని గురించి మాట్లాడుకున్నాక, ఆడవాళ్ళకు ఒక విషయం తట్టింది: ఇది నా మొగుడి బుద్ధి ఒక్కటే కాదు, నా కర్మ కాదు, ఊరంతా ఇదే, పక్క ఊరూ ఇదే. అంతకు ముందు ప్రతి ఇంట్లోనూ ఎవరికి వాళ్ళు గోడ వైపు తిరిగి ఏడ్చిన దుఃఖం అది. దాన్ని నలుగురి మధ్య పెట్టి "ఇది అందరిదీ" అని చూపించడం, తమ్ముడూ, కళ చేయగలిగిన మొదటి పని. పోస్టరు మీద గణాంకాలు వేస్తే ఇది జరగదు. తన కథే ఎదురుగా ఇంకొకరు ఆడుతుంటే, పక్కన కూర్చున్న ఆవిడ కళ్ళు తుడుచుకోవడం చూసినప్పుడు జరుగుతుంది.

కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్ళు ఒక రోజు కదిలారు. కొట్టు మూయించారు, ఊళ్ళోకి వచ్చే సారాను వెనక్కి పంపారు. అక్కడ ముందు నిలబడిన రోశమ్మ గారి పేరు తర్వాత రాష్ట్రమంతా తెలిసింది. నా లెక్కలో అసలు ముఖ్యమైంది ఆ తర్వాత జరిగింది. దూబగుంట ఆడవాళ్ళు చేసిన పనే మళ్ళీ ఒక పాఠమైంది, 'ఆడవాళ్ళు ఏకమైతే' అని. వేరే ఊళ్ళలో రాత్రి బడుల్లో కూర్చున్న ఆడవాళ్ళు దాన్ని కూడబలుక్కుని చదివారు, అక్షరం అక్షరం వేలు పెట్టి. వాళ్ళ పల్లె లాంటి పల్లె, వాళ్ళ లాంటి కూలి మనుషులు, జరిగిపోయిన విషయం. అది చదివి తెల్లారి ఊరుకోగలరా? 1992 నాటికి జిల్లాలో వందల ఊళ్ళకు పాకింది. చీపుర్లు, కారం పొడి పట్టుకుని కొట్ల ముందు కాపలా కాశారు. నెల్లూరులో సారా వేలం పాటలు జరగనివ్వలేదు, వాయిదా మీద వాయిదా వేయాల్సి వచ్చింది.

పాటల సంగతి చెప్పాలి, ఎందుకంటే నాకు తెలిసిన భాగం అదే. మేం మొదట నేర్పిన పాటలు బాగా కుదిరినవే, రాసినవాళ్ళు చదువుకున్నవాళ్ళు. కానీ కొన్ని నెలలకే ఊళ్ళలో వినిపించినవి మేం నేర్పిన పాటలు కావు. బాణీ అదే ఉంటుంది, లేకపోతే వాళ్ళ కోలాటం బాణీయో నాట్ల పాట బాణీయో పట్టుకుంటారు, మాటలు మారిపోయి ఉంటాయి. కాంట్రాక్టరు ఇంటిపేరు వచ్చి చేరుతుంది, వేసవిలో తాగి చెరువులో పడి పోయిన వాడి పేరు వస్తుంది, కొట్టు పెట్టుకోవడానికి చోటిచ్చిన పెద్దమనిషి పేరు వస్తుంది. మాకు రాని పాటలు మా చేతే కోరస్ పాడించేవాళ్ళు. కళాజాతా ఊళ్ళో లేని రోజున కూడా పాట నడిచింది చూడండి, అప్పుడే నాకు నమ్మకం కుదిరింది. అప్పటి నుంచీ నేను ఏ ప్రదర్శన చూసినా వేసుకునే ప్రశ్న ఒక్కటే: మనం వెళ్ళిపోయాక ఇది వీళ్ళ దగ్గర ఉంటుందా? ఉండకపోతే అది ఎంత గొప్ప ప్రదర్శన అయినా మన ప్రదర్శనే. న్యాయం జరగాల్సిన వాళ్ళ చేతికి అందలేదు.

మరి సారా నిషేధం పాట వల్ల వచ్చిందా? పాట ఒక్కదాని వల్ల రాలేదు, అలా చెప్పుకునే కళాకారులంటే నాకు ఒళ్ళు మండుతుంది. రాత్రిళ్ళు నిద్ర మానుకుని కాపలా కాసిన ఆడవాళ్ళ వల్ల వచ్చింది, కేసులు పెట్టించుకున్న వాళ్ళ వల్ల, మొగుళ్ళ చేత దెబ్బలు తిన్నా వెనక్కి తగ్గని వాళ్ళ వల్ల వచ్చింది. మహిళా సంఘాలు, వామపక్షాలు, పౌరహక్కుల వాళ్ళు తోడు నిలిచారు, ఈనాడు పత్రిక రోజూ వార్తలు వేసింది. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో సారా ఆగింది, అదే ఏడు అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధించారు. 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది, 1997లో దాన్ని ఎత్తేశారు, సారా నిషేధం మాత్రం ఉండిపోయింది. మద్యం మళ్ళీ వచ్చింది కదా, ఏం సాధించారు అని అడిగేవాళ్ళున్నారు. ఆ ఊళ్ళలో మొదటిసారి పదిమందిలో లేచి మాట్లాడిన ఆడవాళ్ళు మళ్ళీ కూర్చోలేదు, నేను చూశాను కాబట్టి ఈ మాట గట్టిగా చెప్తున్నాను.

ఇది కొత్తగా మా జిల్లాలో పుట్టిన పద్ధతి కూడా కాదు. 1943లో బొంబాయిలో ఇప్టా అనే ప్రజా నాటక సంఘం మొదలైన ఏడాదే మన దగ్గర ప్రజా నాట్యమండలి మొదలైంది, రాజమండ్రి డాక్టరు గరికపాటి రాజారావు గారు దాన్ని నడిపించినవాళ్ళలో ముఖ్యులు. వాళ్ళు బుర్రకథను పట్టుకున్నారు. బుర్రకథ అప్పటికే జనానికి తెలిసిన కళ, ఎలా వినాలో ఎవరూ నేర్పక్కర్లేదు. కథకుడు తంబూరా భుజాన వేసుకుని, వేలికి అందెలు పెట్టుకుని నడుస్తూ కథ చెబుతాడు, చెరో పక్కా డక్కీలు వాయిస్తూ వంతలు. ఒక వంత హాస్యం, ఇంకో వంత రాజకీయం. ఈ రెండో వంత కథను మధ్యలో ఆపి "అదేంటయ్యా, మన ఊళ్ళో కూడా ఇదే కదా జరుగుతోంది" అని అడుగుతాడు, కథకుడు బదులు చెప్పాలి. అంటే పాత కథ చెబుతూ ఇవాళ్టి ఊసు ఎత్తడానికి ఆ రూపంలోనే చోటుంది. గుంటూరు జిల్లా పొన్నెకల్లు నుంచి వచ్చిన షేక్ నాజర్ గారు ఆ చోటును ఎంతగా వాడుకున్నారంటే, జనం వేల సంఖ్యలో తెల్లవార్లూ కూర్చునేవాళ్ళు, మద్రాసు ప్రభుత్వం భయపడి బుర్రకథల మీద ఆంక్షలు పెట్టింది. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు కలిసి తెలంగాణ రైతాంగ పోరాటం మీద రాసిన 'మా భూమి' నాటకాన్ని కూడా నిషేధించింది. నాటకం వల్ల ఏం మారుద్ది అని మీ వాళ్ళు అంటున్నారు చూడండి, ప్రభుత్వాలు ఎప్పుడూ అలా అనుకోలేదు.

మీ నాటకానికి కూడా ఆ రాజకీయ వంత లాంటి మనిషి కావాలి. జనంలోనే కూర్చుని ఉండి, మధ్యలో లేచి "వీడు కాంట్రాక్టు మనిషి, మున్సిపాలిటీకి ఏం సంబంధం?" అని అడిగేవాడు. చూసేవాళ్ళ మనసులో ఉన్న మాట అదే. అది అడగకుండా మీరు మీ సందేశం చెప్పుకుంటూ పోతే వాళ్ళు మర్యాదకు వింటారు.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి, ఇది నన్ను బాగా బాధపెట్టే సంగతి. 'బండెనక బండి కట్టి' పాట ఎవరిది అని మీ స్నేహితులను అడగండి. గద్దర్ గారిది అంటారు. 'మా భూమి' సినిమాలో పాడి దాన్ని ప్రపంచానికి వినిపించింది ఆయనే, ఆ గొంతు ఎవరూ మర్చిపోలేరు. కానీ ఆ పాట కట్టింది తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న బండి యాదగిరి. నిజాం రోజుల్లో పుట్టిన పాట 1979, 80లో సినిమాకు వచ్చేసరికి మూడు దశాబ్దాలు జనం నోళ్ళలోనే బతికింది. అది పాట గొప్పతనం. కానీ రాసిన మనిషి పేరు మాయమైపోవడం గొప్పతనం కాదు. 'కర్మభూమిలో పూసిన ఓ పువ్వా' వరకట్న చావుల మీద ఎన్ని వేల సభల్లో పాడి ఉంటారో లెక్క లేదు, అది దళిత కవి కలేకూరి ప్రసాద్ రాశారని ఆ సభల్లో ఎంతమంది చెప్పారు? పాట జనం సొంతం కావాలి అని పైన నేనే అన్నాను. అయితే జనం సొంతం కావడం వేరు, కట్టినవాళ్ళ పేరు చెప్పకుండా వేదిక మీద ఇంకొకరు దండలు వేయించుకోవడం వేరు. పేరు పోయేది ఎప్పుడూ ఎవరిదో గమనించారా? కింది కులాల వాళ్ళది, ఆడవాళ్ళది, చదువు రానివాళ్ళది. న్యాయం కోసం పాడే చోట కనీసం ఈ అన్యాయం జరగకూడదు. మీరు ఎవరి పాట పాడినా ముందు పేరు చెప్పి పాడండి.

డప్పు గురించి కూడా. ప్రతి వీధి నాటకం వాళ్ళకూ డప్పు కావాలి, జనం పోగవుతారని. ఊళ్ళో డప్పు ఎవరు కొట్టాలి, ఎవరి చావుకు కొట్టాలి, కూలి ఉంటుందా ఉండదా అన్నది కులం నిర్ణయించిన వెట్టి. ఆ వెట్టి వద్దని డప్పు కింద పడేసిన మాదిగ యువకులు ఉన్నారు, అది వాళ్ళ ఆత్మగౌరవం. మళ్ళీ అదే డప్పును 1994 జులైలో ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన మాదిగ దండోరా ఉద్యమం తన గుర్తుగా ఎత్తి పట్టుకుంది, అదీ ఆత్మగౌరవమే. ఆ ఉద్యమం అడిగింది ఎస్సీ రిజర్వేషన్లను ఉపకులాల వారీగా వర్గీకరించమని, దానికి మూడు దశాబ్దాలు పట్టింది, సుప్రీంకోర్టు రాష్ట్రాలకు ఆ అధికారం ఉందని 2024 ఆగస్టు 1న తీర్పు ఇచ్చింది. ఆ మూడు దశాబ్దాలూ సభ ఎక్కడ జరిగినా ముందు వినిపించింది డప్పు. ఎవరు కొట్టమన్నారు, ఎవరి కోసం కొడుతున్నారు అన్నదాన్ని బట్టి ఒకే వాయిద్యం వెట్టి అవుతుంది, పోరాటం అవుతుంది. కాబట్టి మీ నాటకానికి ఎవరో పేటలో డప్పు కొట్టే అన్నను పిలిచి, ఒక మూల నిలబెట్టి, అయిపోయాక చేతిలో వంద రూపాయలు పెట్టి పంపకండి. ఆయన మీ బృందంలో సభ్యుడు. కూర్చుని కథ అల్లేటప్పుడే ఉండాలి. నేను చూసినంతలో, అలా కూర్చోబెట్టిన చోట్ల స్క్రిప్టు సగం మారిపోయింది, మంచికే.

డబ్బు తీసుకోవచ్చా అంటే, తీసుకోవచ్చు, తీసుకోవాలి కూడా. ఉద్యమ కళాకారుడు అంటే పస్తులు ఉండాలి, ఇంటికి బియ్యం లేకపోయినా పాడుతూ ఉండాలి అనే ఆలోచన చాలామంది జీవితాలను పాడు చేసింది. మీటింగుకు వచ్చిన వక్తకు కారు, హోటలు, శాలువా ఉంటాయి, మూడు గంటలు గొంతు పోయేలా పాడినవాళ్ళకు బస్సు చార్జీ. వయసు అయిపోయి, గొంతు పోయి, మందులకు డబ్బుల్లేని కళాకారులను నాకు తెలుసు, ఒకప్పుడు వాళ్ళు వస్తే జనం బండ్లు కట్టుకుని వచ్చేవాళ్ళు. ఉత్తరాంధ్ర నుంచి వంగపండు ప్రసాదరావు గారు షిప్‌యార్డులో ఉద్యోగం చేస్తూ పాటలు కట్టారు, ఆ జీతం లేకపోతే 'ఏం పిల్లడో ఎల్దమొస్తవ' లాంటి పాటలు ఎన్ని ఆగిపోయేవో అనిపిస్తుంది నాకు.

అయితే ఎవరి దగ్గర తీసుకుంటున్నారో చూసుకోవాలి. తెలంగాణ ఉద్యమంలో 2002 నుంచి ధూంధాంలు, అంటే ఆటపాటల సభలు, ఎలా జరిగాయో మీకు యూట్యూబులో దొరుకుతాయి, చూడండి. ఊరికి ఊరే రాత్రంతా కదిలేది, నాయకుల ఉపన్యాసాల కంటే పాటలే ఎక్కువ పనిచేశాయి అంటే అతిశయోక్తి కాదు. రాష్ట్రం వచ్చాక సాంస్కృతిక సారథి అనే ప్రభుత్వ సంస్థ పెట్టి వందల మంది కళాకారులకు ఉద్యోగాలు ఇచ్చారు. ఇవ్వడం న్యాయమే, వాళ్ళ పిల్లలకు అన్నం దొరికింది, దాన్ని తప్పు పట్టేవాళ్ళు ముందు తమ జీతం వదులుకుని మాట్లాడాలి. కానీ ఆ ఉద్యోగంలో పని ఏమిటంటే ప్రభుత్వ పథకాల ప్రచారం. నిన్నటి దాకా ప్రశ్నించిన గొంతు ఇవాళ పథకం పేరు పాడాల్సి వచ్చింది. ఇది ఒక్క పార్టీ సంగతి కాదు, అన్ని ప్రభుత్వాలూ కళాకారులను ఇలాగే చూస్తాయి: గెలిచేదాకా కావాలి, గెలిచాక అదుపులో ఉండాలి. అందుకే నా పద్ధతి ఏమిటంటే, ఎవరి మీద పాట కడుతున్నామో వాళ్ళ డబ్బు తీసుకోను. డ్రైనేజీ చావుల మీద నాటకం వేస్తూ మున్సిపల్ కాంట్రాక్టరు ఇచ్చే స్పాన్సర్‌షిప్ తీసుకోలేం కదా. జోలె పట్టడంలో సిగ్గు లేదు, నాటకం అయ్యాక తువ్వాలు పరిస్తే జనం వేస్తారు, యూనియన్లు ఇస్తాయి, మీ లెక్కచీటీ అందరి ముందూ పెట్టండి.

ఎంతవరకు పూనుకోవాలి అన్నారు. దీనికి నేను సమాధానం చెప్పలేను, ఎవరి ఇల్లు వాళ్ళది, ఎవరి ధైర్యం వాళ్ళది. ఏం జరగగలదో మాత్రం చెప్తాను. 1989 జనవరి 1న ఢిల్లీ పక్కన సాహిబాబాద్‌లోని ఝండాపూర్‌లో కార్మికుల కోసం వీధి నాటకం వేస్తుండగా నాటక కళాకారుడు సఫ్దర్ హష్మీ మీద దాడి జరిగింది, మర్నాడు చనిపోయారు. అక్కడే రామ్ బహదూర్ అనే కార్మికుడినీ చంపారు, ఆ పేరు చాలామంది చెప్పరు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. జనవరి 4న సఫ్దర్ భార్య మలయశ్రీ, మిగతా బృందం అదే చోటికి వెళ్ళి, ఆగిపోయిన నాటకాన్ని పూర్తి చేశారు. మన గద్దర్ గారి మీద 1997 ఏప్రిల్ 6న ఇంటి దగ్గరే కాల్పులు జరిగాయి, ఒక తూటా చివరి దాకా, 2023 ఆగస్టులో పోయేదాకా ఆయన ఒంట్లోనే ఉంది. మీకు అలాంటిది జరుగుతుందని భయపెట్టడం లేదు. కాంట్రాక్టరు మనిషి వచ్చి ఫోన్‌లో వీడియో తీసుకుపోవడం, కాలేజీకి ఫిర్యాదు వెళ్ళడం, ఇంటికి ఫోన్ రావడం, ఇవి జరుగుతాయి. మీ కంటే ముందు ఇబ్బంది పడేది మీతో మాట్లాడిన కార్మికుడు, వాడి పని ఊడుతుంది. మీరు చదువుకున్నవాళ్ళు, మీకు లాయర్లు దొరుకుతారు. అందుకని వాళ్ళ పేర్లు, ముఖాలు, ఏ డివిజన్‌లో చేస్తున్నారో వంటి వివరాలు నాటకంలోకి రాకుండా జాగ్రత్త పడండి, వాళ్ళు అడిగితే తప్ప. ఇన్‌స్టాలో పెట్టే ముందు వాళ్ళకు చూపించండి.

ఇక మీ నాటకం సంగతి. ముందు స్క్రిప్టు రాయకండి. ఎవరి చావు గురించి వేస్తున్నారో వాళ్ళ బస్తీకి వెళ్ళండి, ఒకసారి వెళ్ళి ఫొటోలు దిగి రావడం కాదు, వాళ్ళు మిమ్మల్ని చూసి "మళ్ళీ వచ్చారా, టీ తాగుతారా" అనేదాకా వెళ్ళండి. ఏ పూట పని, ఎవరు పిలుస్తారు, దిగే ముందు ఏం చేస్తారు, మూత తీసి ఎంతసేపు ఆగుతారు, గ్యాస్ ఉందని ఎలా తెలుస్తుంది, పైన తాడు పట్టుకునేది ఎవరు, ఇంటికి వెళ్ళాక పిల్లలు దగ్గరకు వస్తారా, ఇవన్నీ వాళ్ళు చెబితేనే తెలుస్తాయి. వీటిలో ఒక్క వివరం నిజంగా పట్టుకుంటే పది డైలాగులు అక్కర్లేదు.

జాలి వద్దు, ఇది నేను బతిమాలి చెప్తున్నాను. ఒంటికి బురద పూసుకుని, చేతులు చాచి, "మేమూ మనుషులమే" అని ఏడ్చే పాత్రలు చూసీ చూసీ విసిగిపోయాను. చూసినవాళ్ళకు కళ్ళు చెమరుస్తాయి, ఇంటికి వెళ్ళి హాయిగా నిద్రపోతారు, ఎందుకంటే ఆ కన్నీళ్ళతో వాళ్ళ బాధ్యత తీరిపోయింది. ఆ బస్తీ వాళ్ళు మీ నాటకం చూస్తే తల దించుకోవాలా? వాళ్ళకు కోపం ఉంది, జోకులు ఉన్నాయి, సూపర్‌వైజరును వెక్కిరించే పాటలు ఉన్నాయి. అవి పెట్టండి. ఆ మనిషి గుంటలో ఎందుకు దిగాల్సి వచ్చిందో చూపించండి: యంత్రం ఎవరు పంపలేదు, ఎవరు ఫోన్ చేసి "అర్జెంటు, దిగు" అన్నారు, ఏ కాగితం మీద సంతకం లేదు, ఆ పనికి ఎప్పుడూ ఒకే కులం వాళ్ళు ఎందుకు వస్తున్నారు. సందులు ఇరుకు, యంత్రాలు వెళ్ళవు అంటారు అధికారులు. హైదరాబాద్‌లో జలమండలి 2017లోనే ఇరుకు సందుల్లోకి వెళ్ళి డ్రైనేజీ శుభ్రం చేసే చిన్న జెట్టింగ్ యంత్రాలు తెచ్చింది, మరి మిగతా ఊళ్ళ సంగతేంటి అని మీ వంత పాత్ర అడగాలి.

అలాగే చూసినవాళ్ళ చేతికి పనికొచ్చేది ఒకటి ఉండాలి. చేతులతో మలం ఎత్తే పనిని నిషేధించిన 2013 చట్టం ప్రకారం రక్షణ పరికరాలు లేకుండా మనిషిని డ్రైనేజీలో, సెప్టిక్ ట్యాంకులో దింపడం నేరం, మొదటిసారికే రెండేళ్ళ దాకా జైలు లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. అలా దిగి చనిపోతే కుటుంబానికి 10 లక్షలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది, 2023 అక్టోబర్ 20న దాన్ని 30 లక్షలకు పెంచింది. శాశ్వత వైకల్యం వస్తే 20 లక్షలకు తక్కువ కాకూడదు. ఇది తెలియక, కాంట్రాక్టరు రెండు మూడు లక్షలు చేతిలో పెట్టి కాగితం మీద వేలిముద్ర వేయించుకుంటే సరేనన్న కుటుంబాలు ఉన్నాయి. "ముప్పై లక్షలు" అనే మాట పాట పల్లవిలో ఉండాలి. కోర్టు తీర్పు ఇంగ్లీషులో ఎన్నో పేజీలు ఉంటుంది, వాళ్ళు చదవరు, లాయరు చెబితే సగం అర్థమవుతుంది. పిల్లలు కూనిరాగం తీసే పల్లవిలో ఉంటే మాత్రం ఆ బస్తీలో ఏ ఇల్లాలినీ రెండు లక్షలకు ఎవరూ మోసం చేయలేరు. పాటకు ఈ పని కూడా ఉంది, కవిత్వం తగ్గిపోతుందేమో అని మొహమాటపడకండి.

ఎక్కడ వేయాలి అంటే, మొదటి ప్రదర్శన ఆ బస్తీలోనే, కాలేజీ ఆడిటోరియంలో కాదు, బందరు రోడ్డులో, మాల్ ముందూ కాదు. వాళ్ళు చూసి "ఇక్కడ తప్పు, మేం ఇలా అనం" అంటారు, అక్కడికక్కడే మార్చండి. వాళ్ళలో ఎవరైనా "ఆ పాత్ర నేను వేస్తా" అని లేస్తే మీ స్నేహితుడు పక్కకు తప్పుకోవాలి, ఎంత బాగా రిహార్సల్ చేసినా సరే. ఆ తర్వాతే బయటి వాళ్ళ దగ్గరకు, ముఖ్యంగా అపార్ట్‌మెంట్ల దగ్గరకు వెళ్ళండి. సెప్టిక్ ట్యాంకు నిండితే తక్కువకు ఒప్పుకునే మనిషిని పిలిపించేది అక్కడి అసోసియేషన్లే, చట్టం తమకూ వర్తిస్తుందని వాళ్ళలో చాలామందికి తెలియదు. నాటకం ఇరవై నిమిషాలు దాటనివ్వకండి, అయిపోగానే మైకు జనానికి ఇచ్చేయండి. ఆ తర్వాతి అరగంటే అసలైనది, కానీ అందరూ బ్యానరు మడత పెట్టే తొందరలో దాన్ని వదిలేస్తారు.

పోలీసు అనుమతి అడుగుతారు, మైకు పెడితే తప్పకుండా అడుగుతారు. బస్తీ లోపల మైకు లేకుండా డప్పుతో వేస్తే ఇబ్బంది తక్కువ. కూడలిలో అయితే ముందే స్టేషన్‌లో దరఖాస్తు ఇచ్చి, ఇచ్చినట్టు ముద్ర వేయించుకున్న కాపీ జేబులో పెట్టుకోండి. పారిశుద్ధ్య కార్మికుల యూనియన్ వాళ్ళను ఒకరిద్దరిని పక్కన ఉంచుకోండి, ఎవరైనా గొడవకు వస్తే ఎలా మాట్లాడాలో వాళ్ళకు మీకంటే బాగా తెలుసు.

బస్తీకి వెళ్ళి వచ్చాక ఇక్కడే రాయండి తమ్ముడూ, ఏం విన్నారో. పల్లవి కట్టడంలో సాయం కావాలంటే వాళ్ళు పాడుకునే బాణీ ఏదైనా ఫోన్‌లో రికార్డు చేసి పెట్టండి, దాని మీదే కూర్చుదాం. కొత్త బాణీ వద్దు.